మ్యాప్‌లో నేను చెరిపేసిన ఊరు

టాంజానియా వెళ్ళొచ్చానని చెప్పగానే మా డబ్లిన్‌లో అందరూ ఒకటే అడుగుతున్నారు, సింహాన్ని చూశావా అని. చూడలేదు. నేను వెళ్ళిన వైపు సింహాలు లేవు, సఫారీ జీపులు లేవు, టూరిస్టనేవాడే కనిపించలేదు. మరి చూడటానికి అక్కడ ఏముందని ఇంకొందరు అడిగారు. నేను చేసిన తప్పు ఉంది. దాన్ని చూసి, వీలైతే సరిచేసి రావడానికే వెళ్ళాను. సరిచేయగలిగింది కొంతేనని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ముందు ఆ తప్పేమిటో చెప్పాలి. కాలిఫోర్నియాలోని ఈ డబ్లిన్‌లో మేము పదేళ్ళుగా ఉంటున్నాం. నా ఉద్యోగం డేటాబేసులతో. పోయినేడాది మొదట్లో, చలికాలంలో శనివారాలు మా తెలుగువాళ్ళం పదిమందిమి లైబ్రరీలో కూడేవాళ్ళం. మ్యాపులు సరిగా లేని ప్రాంతాలకు ఉచితంగా మ్యాపులు గీసే పని అది. శాటిలైట్ ఫొటోను చదరాలుగా కోసి ఇస్తారు. కనిపించిన ప్రతి ఇంటి కప్పు చుట్టూ మనం ఒక పెట్టె గీయాలి. ఆ కప్పుల లెక్కను బట్టి ఎక్కడ ఎంతమంది ఉన్నారో అంచనా వేసి, బోరు ఎక్కడ వేయాలో, టీకాలిచ్చే నర్సు ఏ ఊరికి వెళ్ళాలో నిర్ణయిస్తారు. ఒకరు గీసింది ఇంకొకరు సరిచూడాలి. ఆ సరిచూసే పని నాది. గంటకు ఎన్ని చదరాలు పూర్తిచేశానో చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

శ్రీదేవి నా పక్కన కూర్చుని గీసేది. కరీంనగర్ అమ్మాయి, శాన్ రామన్‌లో ఉంటుంది, టెస్టింగ్ చేస్తుంది కాబట్టి కన్ను చురుకు. ఒకరోజు తను పెట్టెలు గీసిన ఒక గోధుమరంగు చదరం చూపించింది.

“వసూ, గిక్కడ చూడవే. పొడుగ్గ నీడలు గనవడ్తున్నయ్. ఇండ్లేమోనే.”

“పొలం గట్లే అవి. రూఫ్ ఎక్కడుందో చూపించు. డిలీట్ చేసేయ్, ఇంకా రెండొందల స్క్వేర్లు ఉన్నాయి.”

తను చేయలేదు. గీసిన పెట్టెలన్నీ నేనే డిలీట్ చేసి, ఆ చదరం ఖాళీ అని మార్క్ చేశాను. వాటిలో మనుషులున్నారేమో అన్న అనుమానం నాకు లేశమైనా రాలేదు.

మొన్న జూన్‌లో టాంజానియా నుంచి జోసెఫ్ అనే అతను మెయిల్ పెట్టాడు. అక్కడ ఊళ్ళు తిరిగి మా మ్యాపులను సరిపోల్చేది అతనే. మీరు ఖాళీ అన్నచోట ఊరుంది, దాని పేరు మసాంగా, మ్యాప్‌లో లేదు కాబట్టి వాళ్ళకు రావలసిన బోరు రోడ్డు పక్క రేకుల ఇళ్ళ దగ్గర వేశారు, రెండో విడత జాబితా సెప్టెంబర్‌లో ముగుస్తుంది అని రాశాడు. కింద ఒక ఫొటో. ఎత్తు తక్కువగా, పొడవుగా సాగిన మట్టి ఇల్లు. దాని కప్పు చదునైన మట్టి.

అది మట్టి మిద్దె. నేను పుట్టింది అనంతపురం జిల్లాలో, అచ్చం అలాంటి మిద్దె కింద. పైనుంచి చూస్తే నేల రంగే కప్పు రంగు. తెలియనివాళ్ళు పోల్చుకోలేకపోతే అర్థముంది. నాకేమైంది? నా బుద్ధి గడ్డి తింది, అంతే.

ఇక్కడి నుంచే సరిచేస్తానని జోసెఫ్‌కు రాస్తే, పైనుంచి చూసి లెక్కపెట్టలేరు, ఎవరో ఒకరు నడిచి లెక్కపెట్టాలి, నాకు ఒక్కడికి చేతకాదు అన్నాడు. సెప్టెంబర్‌లో పది రోజులు సెలవు పెట్టాను.

“వీసా స్టాంపింగ్ ఉన్నదా నీకు? మళ్ళ రానియ్యకపోతే ఎట్లనే?” అంది శ్రీదేవి.

“మార్చి దాకా ఉంది. వెళ్ళకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.”

డొడోమా

దారెస్సలాంలో విమానం దిగి డొడోమాకు రైల్లో వెళ్ళాను. జోసెఫ్ స్టేషన్‌కు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడతాడు, ఆ ప్రాంతపు గోగో జాతివాడే. నన్ను మొదటి నిమిషం నుంచీ ‘మామా’ అన్నాడు. పెద్ద ఆడవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారట. పిల్లలుంటే పెద్దబిడ్డ పేరు చేర్చి పిలుస్తారు. నా కొడుకు పేరడిగి తెలుసుకుని, సాయంత్రానికల్లా నన్ను మామా నిహాల్ చేసేశాడు.

స్టేషన్ బయట టీ కొట్టు. పాలటీ ఐదు వందల షిల్లింగులు, అంటే డాలర్‌లో ఐదో వంతు. పక్కన చపాతీ. దాని పేరు అక్కడా చపాతీయే. కొట్టు నడిపే అమ్మాయికి ఇరవై ఏళ్ళుండవు. విమానంలో బట్టీ పట్టిన స్వాహిలీ ప్రయోగించాలని ఉబలాటం కొద్దీ ఆమెకు “షికమో” అని దండం పెట్టాను. టీ తాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పారు. అమ్మాయి గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు నీ పాదాలు పట్టుకుంటున్నానని అర్థమట, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు చెప్పాలట. ఇంకా నయం, సాష్టాంగపడలేదు. ఆమె నవ్వు ఆపుకుని నాకు తిరిగి షికమో చెప్పింది, బదులేమనాలో నాకు తెలియలేదు. జోసెఫ్ నా తరఫున “మరహబా” అన్నాడు.

జిల్లా కేంద్రం

జిల్లా పేరు రాయను. మసాంగా కూడా నేను మార్చి పెట్టిన పేరే. ఆ మనుషులు నా మూలంగా ఒకసారి ఇబ్బందిపడ్డారు, చాలు.

డొడోమా దాటి పడమరగా పోతుంటే బస్సు కిటికీలోంచి కనిపించిందంతా నాకు తెలిసిన నేలే. ఎర్రమట్టి, కంపచెట్లు, నల్లరాళ్ళ గుట్టలు. మధ్యమధ్య బావోబాబ్ చెట్లు, నలుగురు చేతులు కలిపినా అందనంత లావు మొదళ్ళు, ఆకుల్లేకుండా నిలబడి ఉన్నాయి. ఏడాదికి ఒక్కటే వానాకాలం. డిసెంబరులో మొదలై ఏప్రిల్‌కు అయిపోతుంది. మిగతా నెలలు ఆకాశం వైపు చూడటమే. వేసే పంటలు జొన్న, సజ్జ, శెనక్కాయ, పొద్దుతిరుగుడు. మా అనంతపురం పల్లెలనే చూస్తున్నట్టుంది. పంట పోయిన ఏడు పశువు అమ్ముకుంటారు. పశువు కూడా పోతే బొగ్గులు కాల్చి రోడ్డు పక్కన బస్తాలు నిలబెడతారు, లారీలవాళ్ళు కొనుక్కుపోతారు. మగవాళ్ళు డొడోమాలో బిల్డింగుల పనికి పోతారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, పశువులు.

బస్సు ఆగినచోట చిన్న సంత. టమాటాలు తూకం వేయరు, కుప్పలు పోసి అమ్ముతారు. కుప్ప ఐదు వందలు. నేను కుప్పలోంచి ఒక మెత్తటి కాయ తీసి గట్టిది పెట్టబోయాను, అలవాటు కొద్దీ. అమ్మే ఆవిడ ఏమీ అనకుండా నా చేతిలోది తీసుకుని, గట్టిది దాని చోట పెట్టేసి, మెత్తటిదాన్ని నా కుప్పలోనే వేసింది. అందరికీ కొన్ని మెత్తవి రావాలి కదా అన్నాడు జోసెఫ్.

జిల్లా ఆఫీసులో మేము కలిసిన నీటి ఇంజనీరు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. గోడకు జిల్లా మ్యాపు ఉంది. ఎక్కడో లైబ్రరీలో కూర్చుని మేము గీసిన పెట్టెలు దాని మీద చుక్కలుగా ఉన్నాయి. మసాంగా ఉండాల్సినచోట తెల్లకాగితం.

“జిల్లాలో జనాభా ఎంతండీ?” అని అడిగాను.

“ఏ లెక్క ప్రకారం?” అన్నాడు ఆయన. “జనాభా లెక్కలవాళ్ళది ఒకటుంది, చర్చిలవాళ్ళది ఒకటుంది, మీ మ్యాపుది ఒకటుంది. బోర్లకు డబ్బిచ్చేవాళ్ళు మీ మ్యాపునే నమ్ముతారు. అది కొత్తది కదా.”



“మసాంగాలో మనుషులున్నారని నాకు తెలుసమ్మా. తెలిసి ఏం చేయను? మ్యాపులో లేని ఊరికి బోరు వేసే రిగ్గు పంపమని రాస్తే కాగితం తిరిగొస్తుంది. ఇంటింటి జాబితా తీసుకురండి, పేర్లతో సహా. శుక్రవారం మధ్యాహ్నానికి జాబితా మూసేస్తాం. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో నాకూ తెలియదు.”

ఆ రోజు సోమవారం.

మసాంగా

మంగళవారం మోటార్‌సైకిల్ మీద బయల్దేరాం. రెండు గంటల దారి. ఇసుకలో బండి జారి నేను పక్కకు పడ్డాను, మోకాలు గీసుకుపోయింది. దారిన పోయే ఆవిడ నెత్తి మీది కట్టెలమోపు దించకుండానే ఆగి “పోలే, మామా” అంది. తన తప్పేమీ లేకపోయినా ఎదుటివాళ్ళకు కష్టం కలిగితే అక్కడ ఆ మాట అంటారు. మన అయ్యో లాంటిదే.

ఊరు దగ్గరికొచ్చినా ఊరు కనిపించలేదు. జోసెఫ్ బండి ఆపి, “వచ్చేశాం” అన్నాక కూడా కనిపించలేదు. అప్పుడు ఒక గట్టు లాంటిదాని కిందినుంచి ఒకావిడ వంగి బయటికి వచ్చింది. అది గట్టు కాదు, ఇల్లు. వాళ్ళు టెంబె అంటారు. నాలుగు వైపులా పొడుగాటి గదులు, మధ్యలో వాకిలి, రాత్రి పశువులు ఆ వాకిట్లోనే. కప్పు నా భుజానికి వస్తుంది. దాని మీద గుమ్మడి ముక్కలు, ఏదో ఆకుకూర ఎండబోశారు.

లోపలికి వంగి వెళ్ళి పైకి చూశాను. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కంప, ఆ పైన తొక్కిన మట్టి. ఒక పక్క కప్పుకు కన్నం, అందులోంచి వెలుతురు. మా ఊళ్ళో గవాచి అంటాం. వానాకాలం ముందు మా వీధి వీధంతా బండ్ల మీద చౌడు మట్టి తోలుకొచ్చి మిద్దెల మీద పరిచేది. మా నాయన కాళ్ళతో తొక్కుతుంటే నేను వెనకాలే చిన్న కాళ్ళతో తొక్కేదాన్ని. మిద్దె మీదే మా అవ్వ మిరపకాయలు ఎండబోసేది. ఆ నేలమాళిగ లాంటి చల్లదనం, మట్టి వాసన ఒక్కసారిగా తగిలేసరికి ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. నా ఇంటిని చూసి ఇది ఇల్లు కాదని చెప్పినదాన్ని నేను.

మసాంగా పెద్దమనిషి యోహానా తాత. డెబ్బై పైబడి ఉంటాయి, కోటు వేసుకుని వచ్చాడు, ఆ ఎండలో. ఈసారి సరైన మనిషికే షికమో చెప్పాను. ఆయన వాకిట్లోనే భోజనం. ఒకమ్మాయి చెంబుతో అందరి చేతుల మీదా నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు కింద పడకుండా గిన్నె పట్టింది, తర్వాత ఆ గిన్నె మేకల ముందు పెట్టింది. సజ్జ ఉగాలీ, మ్లెండా అనే ఆకుకూర. ఉగాలీ అంటే మన సంగటే, కాస్త గట్టిది. మ్లెండా బెండకాయ పులుసులా జిగురుగా సాగుతుంది. ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, దాంతో కూర తీసుకోవాలి. నేను అలవాటుగా తింటుంటే అందరూ నా చెయ్యి వంకే చూశారు.

ఒకావిడ పిల్లలున్నారా అని అడిగింది. ఒక వేలు చూపించి, “ఒక్కడే” అన్నాను. జోసెఫ్ నెమ్మదిగా చెప్పాడు, ఇక్కడ కన్నబిడ్డలను అంకెతో చెప్పరు, పశువులనూ చెప్పరు, లెక్కపెడితే తగ్గిపోతారని భయం అని. మా అవ్వా అంతే, భోజనాల బంతిలో కూర్చున్న పిల్లల్ని లెక్కపెడితే చేతి మీద కొట్టేది. మరి నేను లెక్కపెట్టడానికే కదా వచ్చింది.

ఇసుక వాగు

బుధవారం పొద్దున మామా నీమాతో నీళ్ళకు వెళ్ళాం. ముప్పై ఏళ్ళుంటాయి ఆమెకు. సన్నటి మనిషి, చాలా వేగంగా నడుస్తుంది. గంటకు పైగా నడిస్తే వాగు వచ్చింది. వాగులో నీళ్ళు లేవు, ఇసుకే. ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. మా ఊళ్ళో మేమూ తవ్వుకునేవాళ్ళం, కానీ మా చెలమలు మోకాలి లోతు. ఇక్కడ ఎండాకాలం ముదిరేకొద్దీ నీళ్ళు కిందికి పోతాయి, వీళ్ళు వాటి వెంట పోతారు. నేను చూసినవి నిలువెత్తున్నాయి. ఆమె లోపలికి దిగితే తల కూడా కనిపించలేదు. చిప్ప రాసుకుంటున్న చప్పుడు మాత్రం వచ్చింది.

కొంచెం అవతల ఒక గుంట చుట్టూ ముళ్ళకంప పెట్టి ఉంది. అదెందుకని జోసెఫ్‌ను అడిగాను. అతను మామా నీమా పైకి వచ్చేదాకా ఆగి, ఆమె బిందె ఎత్తుకుని కొంత దూరం వెళ్ళాక చెప్పాడు.

“ఆమె పెద్దకూతురు నీమా పోయింది అక్కడే. పోయిన అక్టోబరులో. అమ్మకు ఒంట్లో బాగోకపోతే తను వచ్చింది. గుంట కూలింది.”

పోయినేడాది జూలైలో బోరు రోడ్డు పక్కన వేశారు. మసాంగా మ్యాప్‌లో ఉండి ఉంటే ఇక్కడే వేసేవారు. ఇంజనీరు ఆ మాట నాతో సోమవారమే చెప్పాడు, కానీ అప్పుడు నాకు అది నెలల లెక్క మాత్రమే. జూలై తర్వాత ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. ఇసుకలోనే కూలబడ్డాను. ముందు వెళ్తున్న మామా నీమా వెనక్కి తిరిగి చూసి, ఎండదెబ్బ అనుకుందో ఏమో, తిరిగొచ్చి ఆ కొత్త నీళ్ళలోంచి నాకు తాగడానికి ఇచ్చింది. తాగాను. ఇంకేం చేయను?

యోహానా తాత వాకిలి

దారంతా ఆలోచించి, జోసెఫ్‌తో అన్నాను, సాయంత్రం అందరికీ చెప్పేస్తానని.

“నేను ట్రాన్స్‌లేట్ చేయను మామా. మీరు శనివారం వెళ్ళిపోతారు. నేను ఈ ఊళ్ళ వెంటే తిరగాలి. మళ్ళీ మ్యాప్ అంటూ ఫోన్ పట్టుకుని వస్తే వీళ్ళు నన్ను గడప తొక్కనిస్తారా?”

“చెప్పకుండా ఆమె మొహం ఎలా చూడను జోసెఫ్?”

“చెబితే చూడగలరా?”

అయినా పశువులు ఇంటికొచ్చే వేళకు యోహానా తాత వాకిట్లో నిలబడ్డాను. పదిహేనుమంది దాకా ఉన్నారు. మామా నీమా ఒక పక్క కూర్చుని సజ్జలు చెరుగుతోంది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. జోసెఫ్ చేయనన్నా, చివరికి ఒక్కో వాక్యమే వాళ్ళ భాషలో చెప్పాడు. ఆకాశం నుంచి తీసిన ఫొటో, కప్పులు, పెట్టెలు. మా స్నేహితురాలు ఇళ్ళున్నాయంది, నేనే లేవన్నాను. నేనూ మట్టి మిద్దెలో పుట్టినదాన్నే, అయినా పోల్చుకోలేదు.

వెనకెవరో నవ్వారు, నమ్మలేని నవ్వు. యోహానా తాత చెయ్యెత్తి ఆపాడు.

“మేము సర్కారు పని అనుకున్నాం. చెరిపేయడానికి నీకెంతసేపు పట్టింది?”

అబద్ధం చెప్పాలనిపించింది. నిజమే చెప్పాను. “రెండు సెకన్లు.”

జోసెఫ్ ఆ మాట చెప్పగానే చేట చప్పుడు ఆగింది. మామా నీమా చేట పక్కన పెట్టి, లేచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

యోహానా తాతకు కోపం ఉంది, దాచుకోలేదు. “రెండు సెకన్లలో తీసేశావు. పెట్టడానికి ఎంతసేపు పడుతుందో రేపు నడిచి చూద్దువు గాని,” అన్నాడు.

పొయ్యిలు

గురువారం తెల్లారకముందే మొదలుపెట్టాం, ఆయన, జోసెఫ్, నేను. మొదటి టెంబె దగ్గర నేను పుస్తకంలో ‘ఇల్లు ఒకటి’ అని రాయబోతే తాత కర్రతో నా పుస్తకాన్ని తట్టాడు. ఇదొక ఇల్లు కాదన్నాడు. పోనీ తలుపులు లెక్కపెట్టబోయాను, అదీ కాదన్నాడు. కొన్ని తలుపుల వెనక ధాన్యం, కొన్నింటి వెనక దూడలు. లోపలికి తీసుకెళ్ళి మూడు రాళ్ళ పొయ్యి చూపించాడు. ఎవరి పొయ్యి వాళ్ళదైతే అది ఒక ఇల్లు. ఆ ఒక్క కప్పు కింద ఐదు పొయ్యిలున్నాయి. మా ఊళ్ళోనూ అంతే కదా, పొయ్యి వేరుపడితేనే కాపురం వేరుపడినట్టు. శ్రీదేవి గీసిన పెట్టెలను నేను డిలీట్ చేయకుండా ఉన్నా, ఐదు కుటుంబాలను ఒకటిగా లెక్కేసేవాళ్ళం.

పిల్లలెంతమంది అని అడగకూడదు. అందుకని పేర్లు అడిగాం. పేర్లు చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, పైగా సరదా. ఒకావిడ మేకల పేర్లు కూడా రాయమంది. ఒక ముసలాయన డొడోమాలో తాపీ పనిచేసే ముగ్గురు కొడుకుల పేర్లు చెప్పి, వానాకాలంలో విత్తడానికి వాళ్ళు వస్తారు కాబట్టి రాయాల్సిందేనన్నాడు. తాత సరేనన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎవరో వేయించిన శెనక్కాయలు పెట్టారు. డబ్లిన్‌లో నేను గంటకు అరవై చదరాలు పూర్తిచేసేదాన్ని. ఇక్కడ రోజంతా నడిచి ఒక్క చదరం పూర్తి కాలేదు. చీకటి పడేసరికి డెబ్బై మూడు పొయ్యిలయ్యాయి. మిగిలింది మామా నీమాది. ఆమె తలుపు మూసి ఉంది. రేపు చూద్దాంలే అన్నాడు తాత.

శుక్రవారం

మధ్యాహ్నం ఆఫీసులో జరిగింది ముందు చెప్పేస్తాను. ఇంజనీరు పుస్తకం పేజీ పేజీ తిప్పి, పేర్లు కూడి, ఫారంలో అంకె వేశాడు. రెండో జాబితాలో మసాంగా పేరు పెన్నుతో రాసి ముద్ర కొట్టాడు. వానలయ్యాక రిగ్గు రావచ్చన్నాడు. రావచ్చు అన్నాడు, వస్తుందనలేదు. ఇది రాస్తున్నప్పటికి ఇంకా వానలే మొదలవలేదు. ఇంటికొచ్చాక శ్రీదేవి, నేను కూర్చుని డెబ్బై నాలుగు పొయ్యిలనూ మ్యాప్ మీద పెట్టాం. “నేను ఇంకింత గట్టిగ జెప్పాల్సుండె,” అంది తను. కాదు, నేను వినాల్సింది.

ఇంజనీరు కూడిన పేర్లలో ఒక పేరు గురించి నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. జోసెఫ్ కూడా చెప్పలేదు.

ఆ పొద్దున మామా నీమా తలుపు తీసే ఉంది. పొయ్యి మీద జావ కాస్తోంది. మేము వాకిట్లో నిలబడ్డాం. ఆమె పిల్లలిద్దరికీ జావ పోసి, వాళ్ళు తాగేదాకా చూసి, చేతులు కడుక్కుని వచ్చింది. నన్ను కూర్చోమనలేదు. జోసెఫ్ అడిగేలోపే చెప్పడం మొదలుపెట్టింది. భర్త ఇమ్మానుయేలు, డొడోమాలో పని. తన పేరు మరియా. రాసుకుంటున్నాను.

“నీమా,” అంది.

నా పెన్ను ఆగింది. యోహానా తాత తల తిప్పుకున్నాడు. జోసెఫ్ గొంతు తగ్గించి ఏదో అన్నాడు, ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రమే మామా అని. ఆమె అతన్ని పట్టించుకోలేదు. నా వైపు చూసింది, బుధవారం తర్వాత మొదటిసారి.

“నువ్వు చూసిన ఆ ఫొటో ఏ రోజుది?”

ఆ తేదీ నాకు కంఠస్థం. “రెండేళ్ళ కిందటిది. ఆగస్టు నెల.”

“పొద్దునా, సాయంత్రమా?”

“పొద్దున. పది దాటాక.”

ఆమె కప్పు వైపు చూసింది. కప్పు మీద ఆకుకూర ఎండుతోంది.

“పది దాటాక అంటే నేను నీళ్ళు తెచ్చే వేళ, నీమా పైకెక్కి ఆకుకూర ఆరబోసేది. రోజూ తన పనే అది. ఆ ఫొటోలో నీమా ఉంది. నీకు కనపడలేదు. రాయి.”

జోసెఫ్ ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాడని అతని గొంతు వింటేనే తెలిసింది. నీమా అని రాశాను. దాని పక్కన వయసు రాయాల్సిన గడి ఉంది. బతికి ఉంటే ఇప్పుడు పదకొండని జోసెఫ్ దారిలో చెప్పాడు. నా పెన్ను ఆ గడి దగ్గర ఆగడం ఆమె చూసింది.

“ఆ ఫొటో రోజుకి తొమ్మిది,” అంది.

తొమ్మిది అని రాశాను.